పాత కారులో స్టీరియో మనమే మార్చుకుందాం: ఏ సెట్ కొనాలి, ఏది వద్దు

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, అంటే సరిగ్గా సిరిమానోత్సవం రోజున, చుట్టాల్ని విజయనగరం స్టేషన్ నుంచి ఇంటికి తెస్తుంటే మా 2008 ఆల్టోలో ఉన్న పాత సీడీ ప్లేయరు ఒక సీడీని మింగేసి ఊరుకుంది. బటన్ నొక్కితే లోపల గిర్రుగిర్రుమని చప్పుడు, తర్వాత ఎర్రర్ అని ఒక్క ముక్క, అంతే. కోట చుట్టూ ఆ ట్రాఫిక్‌లో పాటల్లేకుండా కూర్చున్న గంటన్నరలోనే సలహాలు మొదలైపోయాయి. బావ తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించమన్నాడు. చిన్నాన్న ఫోన్ డ్యాష్‌బోర్డ్ మీద పెట్టుకుంటే చాలదా అన్నాడు. మేనల్లుడికి సబ్‌వూఫర్ తప్ప ఇంకేం పట్టలేదు. కారు అమ్మితే లక్ష రావడమే గగనం, దానికి ఎంత పెట్టాలన్నది నా లెక్క.

ఆ తర్వాత ఐదారు నెలల్లో నా ఆల్టోకి, బావ శాంట్రోకి, శ్రీకాకుళంలో ఒక ఫ్రెండ్ ఇండికాకి సెట్లు నేనే మార్చాను. మొదటి దానికి ఆదివారం మొత్తం పట్టింది, మూడోదానికి రెండు గంటలు. ఈలోపు చేయకూడని తప్పులు కూడా కొన్ని చేశాను, అవీ చెప్తాను.

మొత్తం చదివే ఓపిక లేనివాళ్లకి ముందే చెప్పేస్తున్నా. కారుకి పదేళ్లు దాటి, ఎక్కువగా తిరిగేది విజయనగరం, శ్రీకాకుళం, అప్పుడప్పుడు వైజాగ్ అయితే, పేరున్న కంపెనీ సింగిల్ డిన్ (సన్నటి సైజు, కొలత కింద చెప్తాను) బ్లూటూత్ సెట్ ఒకటి, మీ కారుకి సరిపోయే కప్లర్ (కారు వైర్లనీ సెట్ వైర్లనీ కోయకుండా కలిపే ప్లగ్గు) ఒకటి, మిగిలిన డబ్బుతో ముందు డోర్లకి ఒక జత స్పీకర్లు. స్క్రీన్ జోలికి పోకండి.

ఏదైనా ఆర్డర్ పెట్టే ముందు స్కేలు పట్టుకుని కారులో కూర్చోండి. సెట్ పట్టే కన్నం వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50 ఉంటే అది సింగిల్ డిన్. ఎత్తు 100 ఉంటే డబుల్ డిన్. డిన్ అన్నది జర్మనీ వాళ్ల కొలతల ప్రమాణం పేరు, కారు ఏ దేశానిదైనా ఎక్కువ కంపెనీలు ఆ కొలతే వాడాయి. టయోటా బళ్లలో మాత్రం వెడల్పు 200 ఉండేవి కనిపిస్తాయి, వాటికి రెండు పక్కలా సందు మూసే పట్టీలు కావాలి. మా ఆల్టోలో సెట్ కింద చిల్లర డబ్బులు, టోల్ రసీదులు పడేసే చిన్న అర ఉంది, దాన్ని కోసేస్తే పెద్ద స్క్రీన్ పడుతుందని ఒకాయన ఉత్సాహంగా రంపం తీశాడు. వద్దన్నాను. ఒకసారి కోసిన డ్యాష్‌బోర్డు మళ్లీ అతకదు, మట్టిరోడ్డెక్కగానే కిర్రుకిర్రుమంటుంది, రేపు అమ్మేటప్పుడు కొనేవాడి చెయ్యి ముందు వెళ్లేదే అక్కడికి. కొన్ని కార్లలో సెట్ డ్యాష్‌బోర్డు ఆకారంలోనే కలిసిపోయి గుండ్రంగా ఉంటుంది, వాటికి ఆ మోడల్ పేరుతోనే అమ్మే ఫ్రేమ్ కొనాలి. అది దొరుకుతుందని తేలాకే సెట్ కొనండి.

ఇక అన్నిటికన్నా చవకది, పాత సెట్‌ని కదపకుండా సిగరెట్ లైటర్ కన్నంలో గుచ్చే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్. ఐదారు వందలకే వస్తుంది. పని చేయదని కాదు. ఫోన్ నుంచి పాట తీసుకుని ఒక ఎఫ్‌ఎం ఫ్రీక్వెన్సీ మీద వదులుతుంది, కారు రేడియో దాన్ని పట్టుకుంటుంది, అంతే దాని సంగతి. చిక్కల్లా హైవే మీద. శ్రీకాకుళంలో 98.3 ఖాళీగా ఉందని అక్కడ పెట్టుకుని బయల్దేరితే ఎచ్చెర్ల, రణస్థలం, పూసపాటిరేగ వరకు బాగానే వస్తుంది, తగరపువలస దాటి ఆనందపురం దగ్గరపడే కొద్దీ అదే 98.3 మీద వచ్చే వైజాగ్ రేడియో మిర్చి మన పాట మీద ఎక్కి కూర్చుంటుంది. అది అసలు స్టేషన్, మనది వేలెడంత పరికరం, ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు. అక్కడి నుంచి ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో ఫ్రీక్వెన్సీ వెతుకులాట. ఊళ్లో మాత్రమే తిరిగే కారుకి, లేదా ఆరు నెలల్లో అమ్మేద్దామనుకునే కారుకి ఇది చాలు. పాత సెట్‌కి ఆక్స్ కన్నం (హెడ్‌ఫోన్ పిన్ను లాంటిది గుచ్చే కన్నం) ఉంటే మాత్రం ట్రాన్స్‌మిటర్ కొనకండి, అదే డబ్బుకి ఆక్స్‌లో గుచ్చే బ్లూటూత్ రిసీవర్ వస్తుంది. మధ్యలో రేడియో లేదు కాబట్టి గరగర ఉండదు.

రెండోది, నేను పెట్టుకున్నది, సింగిల్ డిన్ సెట్. ఇందులో రెండు జాతులున్నాయి. వెయ్యి, పన్నెండు వందలకి దొరికే పేరులేనివి ఒకటి. మూడున్నర వేల నుంచి ఆరేడు వేల దాకా ఉండే సోనీ, పయనీర్, జేవీసీ, కెన్‌వుడ్, బ్లాపుంక్ట్ లాంటివి ఒకటి. రెండింటి డబ్బా మీదా 50 వాట్స్ ఇంటూ 4 అనే రాసుంటుంది, అందుకే షాపులో పక్కపక్కన పెట్టి చూస్తే చవకది తీసుకోకపోతే మోసపోయినట్టనిపిస్తుంది. అప్పుడు సెట్ వెనక్కి తిప్పి ఫ్యూజు చూడండి. 10 ఆంపియర్ల ఫ్యూజు ఉందనుకుందాం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు ఇచ్చేది సుమారు 14 వోల్టులు. 14ని 10తో గుణిస్తే 140 వాట్లు, అది సెట్ లోపలికి వెళ్లే మొత్తం కరెంటు, అందులో సగానికి దగ్గరగా వేడిగా పోతుంది. మరి బయటికి 200 వాట్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ 50 అన్నది ఒక్క క్షణం పలికే గరిష్ఠ లెక్క. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ అని రాసిన అంకె, అంటే ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు. మంచి కంపెనీ సెట్లలో అది ఒక్కో స్పీకర్‌కి 17 నుంచి 22 వాట్ల దాకా ఉంటుంది, చిన్న కారుకి అది ధారాళంగా సరిపోతుంది. పేరులేని వాటి మీద ఆ అంకె అసలు ఉండదు.

వెయ్యి రూపాయల దాంట్లో పాట వస్తుంది, నిజమే. వాల్యూమ్ సగం దాటించాక రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంటుంది, ఎఫ్‌ఎం అయితే ఊరు దాటగానే పోతుంది, ఎండాకాలం మధ్యాహ్నం కారు ఎండలో నిలబెట్టి వస్తే బ్లూటూత్ కలవడానికి మారాం చేస్తుంది. బావ ముందు ఇదే పెట్టించుకున్నాడు, నాలుగు నెలలకి రెండోసారి కొన్నాడు.

కొనేటప్పుడు నేను చూసేవి చెప్తాను. కాల్స్ కోసం మైకు విడిగా వైరుతో వచ్చేదైతే మేలు, ముందు అద్దం పక్కనుండే పిల్లర్ దగ్గర అంటించుకోవచ్చు. సెట్ మొహంలోనే ఉండే మైకుకి మన మాట కన్నా ఏసీ గాలి ఎక్కువ వినిపిస్తుంది. యూఎస్‌బీ ముందు వైపే ఉండాలి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసుకోండి, కంప్యూటర్లో వేరే ఫార్మాట్ చేసి పాటలన్నీ ఎక్కించి తీరా కారులో గుచ్చితే చాలా సెట్లు గుర్తుపట్టవు. ఇక సీడీ ఉన్న సెట్ ఇప్పుడు వెతుక్కుని కొనొద్దు. మెక్‌లెస్ అని అమ్మేవాటిలో సీడీ యంత్రం ఉండదు కాబట్టి లోతు తక్కువ, సెట్ వెనక వైర్లు సర్దుకోవడానికి చోటు మిగులుతుంది. ఈ సుఖం ఎంతటిదో మొదటిసారి బిగించేటప్పుడు సెట్ లోపలికి పోక, వైర్ల ముద్ద బయటికి తన్నుకొస్తుంటే తెలుస్తుంది.

మూడోది బావ మనసు పడ్డ ఆండ్రాయిడ్ స్క్రీన్. ఆరేడు వేల నుంచి మొదలు. ఫొటోలో చూస్తే కొత్త కారు కొన్నట్టే ఉంటుంది. ఒక జీబీ ర్యామ్ ఉన్నది మ్యాప్ తెరిచి పాట కూడా పెడితే నత్తలా నడుస్తుంది, కనీసం రెండు జీబీ, 32 జీబీ స్టోరేజీ లేకపోతే ఆ ఊసే ఎత్తకండి. ఇంకో విషయం, సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ 13 అని చూపిస్తుంది కానీ లోపల ఉన్నది పాతదై, అంకె మాత్రమే మార్చి పెట్టినవి మార్కెట్లో బోలెడు. తాళం తిప్పాక అది పూర్తిగా లేచేసరికి రివర్స్ తీసుకుని గేటు దాటేసి ఉంటాం. వెంటనే లేవాలని స్లీప్ మోడ్‌లో పెడితే రాత్రంతా కొంచెం కొంచెంగా బ్యాటరీ తాగుతుంది. ఆల్టో లాంటి చిన్న కారులో ఉండేది 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ, అది పాతబడి ఉంటే వారం కదపని కారు ఎనిమిదో రోజు టిక్ టిక్ అని ఊరుకుంటుంది. పోనీ ఇంత చేసి అందులో చూసేదేమిటంటే మ్యాప్, అది జేబులో ఫోన్ ఇంతకన్నా బాగా చూపిస్తుంది. నూట యాభై రూపాయల హోల్డర్ కొని ఫోన్ అక్కడ పెట్టుకోండి.

అలాగని స్క్రీన్ ఎవరికీ వద్దనను. కారులో డబుల్ డిన్ కన్నం ముందే ఉండి, ఇంకో ఐదారేళ్లు ఉంచుకునే ఆలోచన ఉంటే పేరున్న కంపెనీ టచ్‌స్క్రీన్, ఆండ్రాయిడ్ ఆటో, యాపిల్ కార్‌ప్లే రెండూ ఉన్నది తీసుకోవచ్చు. పదిహేను వేలు దాటుతుంది. ఇందులో మ్యాప్, కాల్స్ అన్నీ నడిపేది ఫోనే, సెట్ దాన్ని తెర మీద చూపిస్తుందంతే, అందుకే పాతబడ్డా అంత నెమ్మదించదు. వెనక కెమెరా కలుపుకోవచ్చు. అమ్మానాన్నలు నడిపే కారైతే, ఇరుకు సందుల్లో రివర్స్ ఇబ్బందైతే, ఆ కెమెరా ఒక్కదాని కోసమైనా ఖర్చు దండగ కాదు. సింగిల్ డిన్ కన్నంలో దూరి, తెర మాత్రం బయట వేలాడే రకం కూడా ఉంది. అది చాలా కార్లలో ఏసీ గాలి వచ్చే కన్నాల్ని సగం కప్పేస్తుంది. మన ఉక్కపోతలో నాకది నచ్చలేదు.

ఇప్పుడు అసలు విషయం. నా కారులో కొత్త సెట్ పెట్టి మురిసిపోతుంటే వీధిలో ఉండే ఎలక్ట్రీషియన్ మావయ్య తలుపు దగ్గర వంగి విని, ‘ఏటిరా, స్పీకర్లు అవే ఉంచీసి సెట్టొక్కటే మార్చీసినావా? పాత కుండకి కొత్త మూతేసినట్టుంది’ అన్నాడు. డోర్ ప్యానెల్ విప్పి చూపించాడు. కాగితం కోన్ అంచు చుట్టూ చిరిగిపోయి, అయస్కాంతం తుప్పు పట్టి, వేలితో తాకితే పొడి రాలింది. పదిహేను వానాకాలాలు డోర్ అద్దం సందులోంచి దిగిన నీళ్లు మరి. ఏడు వేల సెట్‌కి అవే స్పీకర్లు ఉంచడం కన్నా నాలుగు వేల సెట్, రెండున్నర వేల స్పీకర్లు తీసుకోవడం వెయ్యి రెట్లు నయం. రెండు జతలు కొనలేకపోతే ముందు జత చాలు, వినేది మనం, ముందే కూర్చుంటాం. సైజు ముందుగా కొలుచుకోండి, నాలుగు అంగుళాలు పట్టే చోట ఆరు అంగుళాలవి బలవంతంగా పెడితే అద్దం దించినప్పుడు అయస్కాంతానికి తగులుతుంది. 4 ఓమ్స్ అని రాసున్నవే తీసుకోండి. డోర్ విప్పినప్పుడు లోపలి పలచటి ప్లాస్టిక్ షీటు చింపి పారేయొద్దు, వాన నీళ్లు ప్యానెల్‌కి తగలకుండా ఆపేది అదే.

మేనల్లుడి సబ్‌వూఫర్ సంగతి ఒక్క ముక్కలో: డిక్కీలో బియ్యం బస్తా పట్టాలా, ఆ పెట్టె పట్టాలా అని వాళ్లమ్మ అడిగింది, అయిపోయింది.

వైర్ల దగ్గరికి వద్దాం, జనం భయపడేది ఇక్కడే. నిజానికి 10 నంబర్ పానాతో బ్యాటరీ నెగటివ్ విప్పి పక్కకి పెట్టేస్తే భయపడాల్సింది సగం పోతుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే పసుపు కప్లర్లు కనిపిస్తే వాటిని అసలు ముట్టుకోవద్దు. ప్యానెల్ ఊడదీయడానికి స్క్రూడ్రైవర్ మొన పెడితే గాట్లు పడతాయి, పాత ఏటీఎం కార్డుకి గుడ్డ చుట్టి సందులో దూర్చి మెల్లగా లాగండి. కారు కాసేపు ఎండలో ఉంచాక చేస్తే క్లిప్పులు మెత్తబడి విరగవు.

సెట్ వెనక రెండు దార్లున్నాయి. కారు వైర్లు కోసి కొత్త సెట్ వైర్లకి మెలిపెట్టి టేపు చుట్టడం ఒకటి. రెండు మూడు వందలు పెట్టి మీ కారు మోడల్‌కి సరిపోయే కప్లర్ తెచ్చి, కోత లేకుండా గుచ్చేయడం రెండోది. ఈ మొత్తం వ్యవహారంలో నేను గట్టిగా పట్టుబట్టే మాట ఇదొక్కటే, కప్లర్ కొనండి. ఫ్రెండ్ ఇండికాకి ముందెప్పుడో ఒక షాపులో కప్లర్ కోసి పారేశారు. నేను ప్యానెల్ తీసేసరికి పద్నాలుగు వైర్ల తోకలు, ఎండకి జిగురు కారిపోయి జారిపోయిన నల్ల టేపు, ఏ వైరు ఎక్కడిదో తెలియదు. సెట్ వైర్లకైతే ఒక పద్ధతుంది: పసుపు ఎప్పుడూ బ్యాటరీ నుంచి వచ్చేది, ఎరుపు తాళం తిప్పితేనే వచ్చేది, నలుపు ఎర్త్ (కారు ఇనప బాడీకి కలిపేది), ఇక తెలుపు ముందు ఎడమ స్పీకరు, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, వంగరంగు వెనక కుడి, నల్ల చార ఉన్నది వాటి నెగటివ్. కానీ ఇవి కొత్త సెట్ వైపు రంగులు. కారు వైపు రంగులు ఆ కంపెనీ ఇష్టం. రంగు చూసి రంగుకి కలిపితే ఫ్యూజు ఠప్పుమంటుంది.

అందుకని ఇండికాలో ఒక్కో వైరు వెతకాల్సి వచ్చింది. వైర్ల కొసలు ఒకదానికొకటి తగలకుండా విడదీసి, బ్యాటరీ మళ్లీ కలిపి, మల్టీమీటర్ పెడితే తాళం తీసేసినా 12 వోల్టులు చూపించేది పసుపుకి, తాళం తిప్పితేనే చూపించేది ఎరుపుకి. స్పీకర్లకి గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు ఒకటి చాలు. రెండు వైర్లని సెల్లు రెండు కొసలకీ క్షణం తాకిస్తే ఏదో ఒక డోర్లోంచి టప్ మంటుంది. ఆ టప్‌కి కోన్ బయటికి తోసిందంటే సెల్లు ప్లస్‌కి తగిలిన వైరే స్పీకర్ ప్లస్. లోపలికి పోయిందంటే తిరగబడింది. ఇది చాదస్తం కాదు, నాలుగింటిలో ఒకటి తిరగబడినా పాట వస్తుంది, డప్పు దెబ్బ మాత్రం రాదు, సెట్టే బాలేదని మనం తిట్టుకుంటాం. ఇంకొకటి, స్పీకర్ నెగటివ్ కదా అని ఎర్త్‌కి కలపకండి, ఈ సెట్లలో రెండు వైర్లూ పని చేస్తుంటాయి, ఎర్త్ తగిలితే లోపలి ఆంప్లిఫయర్ కాలిపోతుంది.

నేను చేసిన తప్పు శాంట్రోలో. ఎరుపూ పసుపూ కలిపి ఒకేచోట కట్టేశాను, తాళం లేకుండానే పాటలొస్తున్నాయని బావ తెగ సంబరపడ్డాడు. మూడో రోజు పొద్దున్న కారు స్టార్ట్ కాలేదు, వీధిలో నలుగురం తోశాం. ఆ రెండూ తారుమారైతే ఇంకో రకం బాధ, బ్యాటరీ దిగదు కానీ కారు ఆపిన ప్రతిసారీ టైమూ స్టేషన్లూ మర్చిపోతుంది.

ఇంజిన్ రేస్ చేసినప్పుడల్లా స్పీకర్లలో కుయ్‌మని సన్నటి శబ్దం పెరుగుతుంటే ముందు ఎర్త్ చూడండి. సోంపేట, బారువ వైపు సముద్రం దగ్గర తిరిగే కార్లలో ఇది మరీ ఎక్కువ, ఉప్పుగాలికి ఎర్త్ బోల్టు కింద తుప్పు పొరలా కడుతుంది. బోల్టు విప్పి గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది మళ్లీ బిగిస్తే చాలాసార్లు అక్కడితో పోతుంది. ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వేయండి, సిగరెట్ పెట్టె రేకు చుట్టొద్దు.

మీ కారు కప్లర్ ముందే ఎవరో కోసేసి ఉండి, పైగా మల్టీమీటర్ పట్టుకోవడం మీకు చిరాకైతే మాత్రం ఐదారు వందలు కూలి ఇచ్చి బిగించుకోండి, తప్పేం లేదు. దగ్గరే నిలబడి, వైరు కోయొద్దు, కప్లర్ ఇదిగో అని చేతిలో పెట్టండి. కొనడం విషయానికొస్తే ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలు తగ్గచ్చు, కానీ నేను ఊళ్లోనే కొన్నాను, సెట్‌ని కౌంటర్ మీద బ్యాటరీకి కలిపి నా ఫోన్‌తో మాట్లాడి చూసి మరీ తెచ్చుకున్నాను, వారంటీ కార్డు మీద స్టాంపు వేయించాను. వైజాగ్‌లో రకాలెక్కువ, నిజమే, ఏదైనా తేడా వస్తే మళ్లీ అంత దూరం పోవాలి.

అన్నీ కలిపాక ప్యానెల్ వెంటనే నొక్కేయకండి. బ్యాటరీ కలిపి, బ్యాలెన్స్ ఎడమకీ కుడికీ, ఫేడర్ ముందుకీ వెనక్కీ తిప్పి నాలుగు స్పీకర్లూ వాటి వాటి చోట్లోంచే పలుకుతున్నాయా చూడండి, ఒక కాల్ చేయండి, హెడ్‌లైట్లు వేయండి, తాళం తీసి మళ్లీ పెట్టి స్టేషన్లు గుర్తున్నాయా చూడండి. నేను తొందరపడి నొక్కేసి, ఎడమా కుడీ మారిపోయాయని తెలిసి మళ్లీ విప్పాను, అప్పుడే ఒక క్లిప్పు విరిగింది. ఇప్పటికీ నాతవలస దగ్గర స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఆ మూల టక్కుమంటుంది. పాత సెట్ అటక మీద ఉంది, సీడీ ఇంకా దాని కడుపులోనే.